కాన్సెప్చువల్ ఆర్ట్‌లోకి వెళ్లాలంటే కుంచె వదిలేయాలా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. మీరు హైదరాబాద్‌లో బి.ఎఫ్.ఏ. పెయింటింగ్ చివరి ఏడాదిలో ఉన్నారు. మాదాపూర్‌లో చూసిన ఒక ప్రదర్శనలో గోడమీద అక్షరాలు, దారాలు, వీడియో తప్ప రంగు కనబడలేదు. "కాన్సెప్చువల్ వైపు వెళ్లాలంటే పెయింటింగ్ వదిలెయ్" అని సీనియర్లు అంటున్నారు. జూలైలో డిస్‌ప్లే ఉంది, చేతిలో రెండు నెలల టైమూ 10 అడుగుల గోడా ఉన్నాయి. నాలుగేళ్లు నేర్చుకున్న రంగుల పని ఇక్కడ అక్కరకొస్తుందా, రాదా?

వస్తుంది, వదలక్కర్లేదు. కాన్సెప్చువల్ ఆర్ట్ అంటే చేసిన వస్తువు కంటే దాని వెనకున్న ఆలోచనే ముఖ్యమైన కళ. కాన్సెప్చువల్ ఆర్ట్ పెయింటింగ్ నుంచి తీసుకున్నది బొమ్మని కాదు, బొమ్మ వెనకాల పెయింటర్ చేసే నిర్ణయాలని. ఎంత కొలత, ఏ అస్తరు (రంగు కింద వేసే అడుగు పూత), ఎన్ని పూతలు, ఎవరి చెయ్యి, ఎక్కడ ఆపాలి అన్న నిర్ణయాలు అవి. మామూలు పెయింటింగ్‌లో ఇవన్నీ తెర వెనక జరిగిపోతాయి, మీ పనిలో వాటిని తెర ముందుకి తెస్తే చాలు. బొమ్మను ఉంచుకుని పక్కన ఒక పేజీ థియరీ అంటిస్తే మాత్రం రెండూ చెడతాయి.

చరిత్ర కాస్త చూద్దాం, ఎందుకంటే మీ సీనియర్ల మాట అక్కడే తేలిపోతుంది. ఈ దారి వేసినవాళ్లలో చాలామంది పెయింటర్లే, పెయింటింగ్‌తో పేచీ పెట్టుకుని బయటికొచ్చినవాళ్లు. మార్సెల్ డుషాంప్ 1912లో మెట్లు దిగే నగ్నాకృతి వేసి, పారిస్‌లో ఒక సలోన్ (పెద్ద కళాప్రదర్శన) నుంచి దాన్ని వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది. యూరినల్‌ని ప్రదర్శనకి పంపింది ఆ తర్వాత, 1917లో. 1918లో వేసిన ఆయన చివరి కాన్వాస్ మీద చూపుడువేలు చాపిన చెయ్యి ఒకటుంటుంది. దాన్ని ఆయన వేయలేదు, బోర్డులు రాసే పెయింటర్‌ని పిలిపించి వేయించాడు, ఆ పెయింటర్ సంతకం కూడా అక్కడే ఉంది. "ఎవరి చెయ్యి" అన్న ప్రశ్న అప్పుడే కాన్వాస్ మీదికి ఎక్కింది.

1960ల్లో అమెరికన్ కళాకారుడు జాన్ బాల్డెసారి కాన్వాసుల మీద వాక్యాలు రాయించింది కూడా బోర్డు పెయింటర్లతోనే. అందంగా రాయొద్దని, మామూలు బోర్డులా ఉండాలని షరతు. 1970లో ఆయన 1953 నుంచి 1966 దాకా తాను వేసిన పెయింటింగ్స్‌లో తన దగ్గర మిగిలినవాటిని శ్మశానంలో కాల్పించాడు. మీ సీనియర్లు ఉదాహరణగా చెప్పేది బహుశా ఇదే. కానీ కాల్చడానికి ముందు కాల్చదగినంత పెయింటింగ్ ఉండాలి కదా.

జోసెఫ్ కొసూత్ నిఘంటువు నిర్వచనాలను తెల్ల అక్షరాల్లో నల్ల చదరాల మీద పెద్దవి చేయించినప్పుడు, దాని వెనక పెయింటర్ యాడ్ రైన్‌హార్ట్ వేసిన 60 అంగుళాల నల్ల చదరపు కాన్వాసుల నీడ స్పష్టంగా ఉంది. లారెన్స్ వీనర్ 1968లో గోడకున్న ప్లాస్టర్‌ని 36 అంగుళాల చదరం మేర తీసేయడమే పని అన్నాడు. దానికి కొంచెం ముందు ఆయన ఒక మూల కోసేసిన కాన్వాసులు చేస్తున్నాడు, కోత కాన్వాస్ నుంచి గోడకి జరిగింది అంతే.

ఇక్కడ ఒక జాగ్రత్త. అంతా పెయింటింగ్ నుంచే వచ్చిందని వైవాలో అనకండి, దొరికిపోతారు. సంగీతం నుంచి జాన్ కేజ్, శిల్పం వైపు నుంచి మినిమలిజం (అతి తక్కువ, సాదా ఆకారాలతో చేసే కళ), ఫొటోగ్రఫీ, ఇవన్నీ పాయలే. కేజ్ 1952లో చేసిన నిశ్శబ్దపు రచనకి పెయింటర్ రాషెన్‌బర్గ్ 1951 తెల్ల కాన్వాసులు ధైర్యమిచ్చాయన్నది కూడా నిజమే. పాయలు ఒకదాంట్లో ఒకటి కలుస్తూనే ఉన్నాయి.

మన దేశంలో ఈ బంధం ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. షీలా గౌడ పెయింటర్‌గా మొదలై 1990ల్లో పేడ, దారం, కుంకుమ వైపు వచ్చారు. 1998 నాటి పనిలో సూదులు గుచ్చిన దారాలను కట్టలు కట్టి, జిగురూ కుంకుమరంగూ పట్టించి తాళ్లలా గదంతా వేలాడదీశారు. దూరం నుంచి చూస్తే అది గీత, దగ్గరికెళితే నొప్పి. గీత ఎక్కడ బరువెక్కాలో తెలిసిన చెయ్యి అది. అతుల్ డోడియా 2000 తర్వాత దుకాణాల రోలింగ్ షట్టర్ల మీద ఎనామెల్‌తో వేసి, షట్టర్ ఎత్తితే లోపల ఇంకో బొమ్మ కనిపించేలా చేశారు. జితీశ్ కల్లాట్ 2003లో 1947 ఆగస్టు అర్ధరాత్రి నెహ్రూ ప్రసంగాన్ని అద్దాల్లాంటి పలకల మీద రబ్బరు జిగురుతో రాసి నిప్పంటించారు. పెయింటర్ శిక్షణ లేకుండా ఇవి ఇలా వచ్చేవి కావు.

చేర్యాల పటాల గురించి కూడా అడగకముందే చెప్తాను, హైదరాబాద్ విద్యార్థులు చాలామంది ఇటు వస్తారు కాబట్టి. ఈ పటాలు వేసే నకాషీ వాళ్లు ఖాదీ గుడ్డకి గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి, ఒక్కో పూత ఆరాక ఇంకోటి వేసి ఆ నేల మీద కులపురాణాన్ని పటంగా వేస్తారు. ఆ పటం ముగిసిపోయిన బొమ్మ కాదు. కథ చెప్పేవాడు దాన్ని విప్పుతూ పాడితేనే అది పూర్తవుతుంది. దీన్ని కాన్సెప్చువల్ ఆర్ట్ అనకండి, అది వేరే లోకం. "బొమ్మ ఒక స్క్రిప్టు" అన్న ఆలోచన మాత్రం సూచనలు రాసి వేరేవాళ్లతో గీయించిన సోల్ లెవిట్ దగ్గరికి వెళ్లకముందే మనకి దగ్గర్లోనే ఉందని గుర్తుంచుకోండి. నకాషీ కళాకారులతో పని చేయిస్తే పేరు లేబుల్ మీద ఉండాలి. "స్థానిక కళాకారుడి సహకారంతో" అని రాసి తప్పించుకోవడం బాగోదు. బాల్డెసారి 1969లో 14 మంది పెయింటర్ల చేత వేయించినప్పుడు ఒక్కొక్కరి పేరూ వాళ్ల కాన్వాస్ మీదే రాయించాడు.

ఇక మీ గోడ సంగతి. మూడు దారులు చెప్తాను. రెండోదాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, తెలుగులో పని చేసేవాళ్లకి అసలు చిక్కు అక్కడే.

మొదటి దారి: నియమం రాసి, వేరేవాళ్లతో గీయించడం. సోల్ లెవిట్ 1968 నుంచి చేసింది ఇదే. సూచన ఆయనది, గీసే చెయ్యి ఎవరిదైనా కావచ్చు. మీ గోడ మీద 4 అడుగుల చదరం తీసుకుని, పావు అంగుళానికో గీత చొప్పున నిలువుగా గీస్తే 192 గీతలు, మొత్తం 768 అడుగుల పొడవు. స్కేలు పట్టుకుని గీతకి 40 సెకన్లు అనుకున్నా రెండు గంటలు దాటుతుంది. నిలువు, అడ్డం, రెండు ఏటవాలులు కలిపి నాలుగు దిక్కులైతే ఇద్దరికి ఒక పూర్తి రోజు. ఏటవాలు గీతల మొత్తం పొడవు అంతే ఉన్నా గీతల సంఖ్య పెరుగుతుంది, టైమ్ అక్కడే తినేస్తుంది.

గోడ మెరిసే ఎమల్షన్ అయితే పెన్సిల్ జారిపోతుంది. మ్యాట్ ఎమల్షన్ ఒక కోటు వేసి, ఆరాక 220 నంబరు గరుకు కాగితంతో మెల్లగా రుద్దండి. 6హెచ్ లేదా అంతకంటే గట్టి పెన్సిల్ వాడండి. మెత్తని పెన్సిల్ మణికట్టు కింద మసకబారుతుంది. పై నుంచి కిందికి గీయాలి, రబ్బరు వాడకూడదు. రుద్దిన చోట గోడ నునుపు తేలి, లైటు పడగానే ఆ మచ్చే ముందు కనబడుతుంది. ఫిక్సేటివ్ (గీత చెరగకుండా పట్టి ఉంచే) స్ప్రే కొడితే అక్కడక్కడా మెరుపు వస్తుంది, కొట్టకండి. జూలై కాబట్టి చెమ్మ పరీక్ష తప్పదు. అడుగు చదరం పాలిథీన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకి అంటించి రాత్రంతా ఉంచండి. పొద్దున కాగితం వెనక తడి కనిపిస్తే ఆ గోడ వద్దు, వేరే గోడ అడగండి.

సూచనని తెలుగులో రాయడం ఇంకో కళ. "గీయండి" అంటే ఎదుటివాడికి ఆజ్ఞ, "గీయాలి" అంటే నియమం, "గీయవచ్చు" అంటే వదిలేసినట్టు. వీనర్ వాక్యాల్లో కర్త ఉండడు, పని జరిగిపోయిన స్థితి మాత్రమే ఉంటుంది. దానికి తెలుగులో సొంత పనిముట్టు ఉంది: గీత, కోత, పూత. "పూత" అంటే పూయడమూ అదే, పూసిన పొరా అదే. చేసే పనికీ మిగిలిన వస్తువుకీ ఒకే మాట. "గోడకి మూడు పూతలు, ఒకదాని మీద ఒకటి, మధ్యలో ఒక రాత్రి" అని రాస్తే క్రియ లేకుండానే సూచన పూర్తయింది. రాశాక ఆర్ట్‌తో సంబంధం లేని ఇద్దరికి విడివిడిగా ఇచ్చి చిన్న కాగితం మీద గీయించి చూడండి. ఇద్దరివీ అచ్చు ఒకేలా వస్తే సూచన మరీ బిగుతు, దాని బదులు ప్రింట్ తీయించుకోవచ్చు. రెండింటికీ పోలికే లేకపోతే మరీ వదులు. "ఏటవాలు" అంటే ఏ వైపుకో రాయకపోవడం అందరూ చేసే తప్పు.

రెండో దారి: అక్షరం. జపాన్ కళాకారుడు ఆన్ కవారా 1966 జనవరి 4 నుంచి తేదీల పెయింటింగ్స్ వేశాడు. ఒక్క రంగు నేల మీద తెల్లగా ఆ రోజు తేదీ, అంతే. అర్ధరాత్రిలోపు పూర్తి కాకపోతే నాశనం చేసేవాడు. తేదీ రాసేది ఆ రోజు తానున్న దేశపు భాషలో, ఆ దేశానిది రోమన్ లిపి కాకపోతే ఎస్పరాంటో అనే కల్పిత అంతర్జాతీయ భాషలో. అంటే ఆయన హైదరాబాద్‌లో కూర్చుని వేసినా తెలుగు వచ్చేది కాదు, ఉర్దూ వచ్చేది కాదు. మీకు పని దొరికే ఖాళీ అదే. ఆ విధానాన్నే తెలుగు లిపిలోకి తెస్తే ఏ నియమాలు విరుగుతాయో చూడండి.

ముందు రోజువారీ లెక్క. ఆయన వాడిన కొలతల్లో చిన్నదైన 8×10 అంగుళాల కాన్వాస్‌కి పక్కలతో కలిపి ఒక పూతకి 6 నుంచి 8 మి.లీ. ఆక్రిలిక్ పడుతుంది, ఐదు పూతలకి దాదాపు 40 మి.లీ. మే నెలలో పూత అరగంటలో ఆరుతుంది, కానీ కుంచె మీదే పొర కట్టేస్తుంది. దగ్గర నీళ్ల స్ప్రే ఉంచుకోండి, ఫ్యాను నేరుగా తగలకుండా చూసుకోండి. వానల్లో పూతకి గంట పడుతుంది. పొద్దున 9కి మొదలుపెడితే అక్షరానికి చేరేది మధ్యాహ్నం 2 దాటాకే. అర్ధరాత్రి నియమం పెట్టుకోవాలనుకుంటే ఈ లెక్క ముందే వేసుకోండి. సగంలో నియమం సడలిస్తే ఆ పని మొత్తం పోయినట్టే.

ఇప్పుడు స్టెన్సిల్. ఇంగ్లిష్ అక్షరాల్లో ఓ, ఏ, బి లాంటి కొన్నింటికే లోపల మూసుకున్న ఖాళీ ఉంటుంది. తెలుగులో సున్న, ర, ఠ, ఇలా అడుగడుగునా గుండ్రాలే. కత్తిరించగానే మధ్య ముక్క ఊడి కింద పడుతుంది. ప్రతి గుండ్రానికీ కనీసం రెండు వంతెనలు (మధ్య ముక్కని పట్టి ఉంచే సన్నని పట్టీలు) వదలాలి, 3 అంగుళాల అక్షరానికి 4 మి.మీ. వెడల్పు చాలు. వంతెనలు అన్ని అక్షరాల్లోనూ ఒకే దిక్కున ఉండాలి, అన్నీ నిలువు లేదా అన్నీ అడ్డం. లేకపోతే చదివేవాడికి అది విరిగిన అక్షరంలా కనబడుతుంది. ఠలో చుక్కకి చుట్టూ ఉన్న దీవిని నిలబెట్టడం మరీ కష్టం. వీలైతే ఆ మాటే మార్చుకోండి, లేదా ఆ అక్షరం ఒక్కటీ చేత్తో రాసి ఆ తేడాని అలాగే ఉంచండి.

తర్వాత ఒత్తులు. రోమన్ వరుసల మధ్య ఒకటిన్నర అంగుళం సరిపోయే చోట తెలుగుకి చాలదు. పైన గుడి, కింద ఒత్తు, రెండూ ఒకే ఖాళీలో కొట్టుకుంటాయి. అక్షరం ఒళ్లు 3 అంగుళాలైతే వరుసల మధ్య కనీసం 3 అంగుళాలు వదలండి. "స్త్ర", "క్ష్మ" లాంటివి ఉన్న వరుసని చివరి వరుసగా పెట్టుకుంటే ఇబ్బంది తగ్గుతుంది. స్టెన్సిల్‌కి 250 మైక్రాన్ల ప్లాస్టిక్ షీట్ గానీ పాత ఎక్స్‌రే ఫిల్ము గానీ సరిపోతుంది. రంగుని నీళ్లగా కలపకూడదు. స్పాంజిని ముంచి, కాగితం మీద రెండుసార్లు అద్ది, ఆ మిగిలిన తడితో నిలువుగా తట్టాలి. పక్కకి లాగితే అంచు కిందికి రంగు పాకుతుంది.

అలా పాకడమే మీకు కావలసిందైతే అది వేరే మాట. అమెరికన్ కళాకారుడు గ్లెన్ లైగన్ 1990ల మొదట్లో ఆయిల్ స్టిక్‌తో (నూనె రంగు కడ్డీతో) ఒకే వాక్యాన్ని స్టెన్సిల్‌లో పై నుంచి కిందిదాకా మళ్లీమళ్లీ రాశాడు. కిందికొచ్చేసరికి అక్షరాలు అలుక్కుపోయి చదవలేం. తప్పు అర్థంగా మారిన చోటు అది. తెలుగులో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది, ముందు సున్నలు పూడుకుపోతాయి, తర్వాత ఒత్తులు. ఏ మాట ముందు మాయమవ్వాలో మీరు ముందే ఎంచుకోగలరు. ఆ అవకాశం రోమన్ లిపిలో ఇంతగా ఉండదు.

బోర్డు పెయింటర్‌తో షట్టర్ మీద రాయిస్తే లెక్కలు ఇవి. 8×8 అడుగుల షట్టర్ దాదాపు 6 చదరపు మీటర్లు, మడతల వల్ల నిజంగా పూసే జాగా పావు వంతు ఎక్కువ. ముందు గ్రీజు తుడవాలి, తుప్పు గీకాలి, తర్వాత రెడాక్సైడ్ ప్రైమర్ ముప్పావు లీటరు, రెండు కోట్ల ఎనామెల్‌కి లీటరున్నర. కోటుకీ కోటుకీ మధ్య ఒక రాత్రి. షట్టర్ పూర్తిగా దించి తాళం వేశాకే సుద్ద దారంతో గీతలు కొట్టాలి, లేకపోతే దించిన ప్రతిసారీ పలకల మధ్య వదులు మారి అక్షరం పై సగం, కింది సగం కలవవు. రాశాక కనీసం నాలుగు రోజులు, వానల్లో వారం, పైకి ఎత్తకండి. పైన చుట్టలో పచ్చి ఎనామెల్ ఒకదానికొకటి అతుక్కుని పొరలు పొరలుగా లేచిపోతుంది. ఎంత ఆరినా పలకల కీళ్ల దగ్గర పగుళ్లు మాత్రం వస్తాయి. పగలు ఎత్తి రాత్రి దించితేనే కనబడే వాక్యమైతే ఆ పగుళ్లు కూడా పనిలో భాగమే.

బోర్డు పెయింటర్లు మామూలుగా అడుగు లెక్కనో అక్షరం లెక్కనో తీసుకుంటారు. ఒకే మాట 40 సార్లు రాయించే పనికి ఆ లెక్క కుదరదు, రోజు కూలీగా ముందే మాట్లాడుకోండి. ఎందుకు అందంగా రాయొద్దంటున్నారో కూడా చెప్పండి. చెప్పకపోతే ఆయన అలవాటు కొద్దీ నీడలు, షేడింగు వేసేస్తాడు, అది ఆయన గౌరవం.

మూడో దారి: పదార్థం. దీన్ని తొందరగా దాటేస్తాను, ఎందుకంటే చాలామంది పసుపు, కుంకుమ, పేడ అనగానే పని అయిపోయిందనుకుంటారు. బేగంబజార్‌లో కిలోల లెక్కన దొరుకుతాయి కదా అని మొదలుపెడతారు. పసుపు సున్నం గోడ మీద, కొత్త సిమెంటు మీద ఎర్రగా మారుతుంది, క్షారగుణం తగిలితే దాని స్వభావమే అది. కుంకుమ చేసే పాత పద్ధతి కూడా అదే కదా. కిటికీ ఎండ పడితే పసుపు వారాల్లో వెలిసిపోతుంది. బజారు కుంకుమల్లో రసాయన రంగులు ఎక్కువ, ఒక చిటికెడు తడి గుడ్డ మీద రుద్ది రంగు దిగుతుందో లేదో చూసుకోండి. పేడ మందంగా పూస్తే పగులుతుంది, వానాకాలంలో బూజు పడుతుంది, పలచగా రెండుసార్లు పూయండి. ఈ మార్పులు మీ పనికి అవసరమైతేనే ఆ పదార్థం తీసుకోండి. వాసన కోసమో "మన మట్టి" అనిపించడానికో అయితే వద్దు.

రంగుల్ని నియమంగా మార్చాలంటే పోలిష్ పెయింటర్ రోమన్ ఒపాల్కా మంచి గురువు. 1965లో ఒకటి అని రాసి 2011లో చనిపోయేదాకా 196×135 సెం.మీ. కాన్వాసుల మీద అంకెలు వరసగా రాస్తూ పోయాడు. 1972 నుంచి ఒక్కో కొత్త కాన్వాస్ నేలలో ఒక శాతం తెలుపు పెంచుతూ వచ్చాడు, తెలుపు మీద తెలుపు రాసే దాకా. మీరు చిన్నగా చేసి చూడాలంటే చెంచాలతో కొలవకండి, గ్రాములు చూపే చిన్న డిజిటల్ తూకం కొనండి. 100 గ్రాముల నల్లలో ఒక గ్రాము తెలుపు కలిపితే కంటికి ఏమీ తెలియదు, నల్ల పిగ్మెంట్ బలం అలాంటిది. పది పలకల సిరీస్‌లో తేడా కనబడాలంటే మధ్యస్థ బూడిద రంగుతో మొదలుపెట్టి ఒక్కోదానికి 5 శాతం పెంచాలి. మొత్తం బూడిద రంగు ఒకేసారి కలిపి గాలి చొరని డబ్బాలో పెట్టుకోండి, మధ్యలో అయిపోయి మళ్లీ కలిపితే అదే రంగు రాదు.

ఏ దారి పట్టినా ఒక పరీక్ష పెట్టుకోండి, ఫ్లెక్స్ పరీక్ష. మీ పనిని ఫొటో తీసి అదే కొలతలో ఫ్లెక్స్ కొట్టించి అదే గోడకి తగిలిస్తే ఏం పోతుంది? ఏమీ పోకపోతే అది ఫ్లెక్సే, రంగు దండగ. "చెయ్యి పట్టిన టైమ్ పోతుంది", "పొర మీద పొర పోతుంది", "రేపు చెరిగిపోతుందన్న భయం పోతుంది" అని మీరు జవాబు చెప్పగలిగితే పెయింటింగ్ అక్కడ పని చేస్తున్నట్టే. గోడ పక్కన వివరణ 60 మాటలు దాటనివ్వకండి. అందులో భావాలొద్దు, నియమం, కొలత, పదార్థం, చేసినవాళ్ల పేర్లు ఉంటే చాలు.

చివరగా కాగితం పని, దీన్ని విద్యార్థులు ఎప్పుడూ మర్చిపోతారు. పనికి ఒక సర్టిఫికెట్ రాసి సంతకం చేయండి: పేరు, సంవత్సరం, పూర్తి సూచన, కొలతల హద్దులు, రంగు కంపెనీ, షేడ్ నంబరు, ఎవరు చేయవచ్చు, ఎన్నిసార్లు చేయవచ్చు, ఒకేసారి రెండు చోట్ల ఉండవచ్చా లేదా. గోడ మీద చేసే పనికి మిగిలేది ఆ కాగితమే. ఒకే చోట స్టాండు పెట్టి ఖాళీ గోడ, సగం పని, పూర్తయిన పని, మూడు ఫొటోలు తీసి దానికి జత చేయండి. డిస్‌ప్లే అయ్యాక గోడకి మళ్లీ తెల్ల రంగు ఎవరు వేయాలి, ఎన్ని కోట్లు వేయాలి అన్నది కూడా అందులోనే రాయండి. ఎనామెల్ మీద నేరుగా ఎమల్షన్ వేస్తే ఊడిపోతుంది, ముందు గరుకు కాగితం, తర్వాత ప్రైమర్.